కంకర లెక్క, కర్బన లెక్క: శంషాబాద్ పరిసరాల్లో పునర్వినియోగ కాంక్రీటు – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కూల్చిన కట్టడాల శిథిలాలు, బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద, ఉక్కు కర్మాగారాల స్లాగ్ కాంక్రీటులో చేరినప్పుడు వాటన్నింటికీ ‘పర్యావరణహితం’ అన్న ఒకే ముద్ర పడుతోంది. ఆ ముద్ర కింద రెండు వేర్వేరు ప్రయోజనాలు కలిసిపోయాయని, ఆ కలగాపులగం వల్ల శంషాబాద్ వంటి ప్రాంతంలో నిజంగా కాపాడవలసినవి లెక్కలోకి రాకుండా పోతున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాంక్రీటు, శిథిలాలు, కంకర, బూడిద, సుర్ఖీ, శంషాబాద్, సాతంరాయి, అప్పచెరువు.

ప్రవేశిక

హైదరాబాద్ నగరం దక్షిణ దిశగా విస్తరించిన చరిత్రను కాంక్రీటు ఆధారంగా రాయవచ్చు. 2008 మార్చిలో శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. దాదాపు 5,500 ఎకరాల ఆవరణ, 4,260 మీటర్ల ప్రధాన రన్‌వే దాని సొత్తు. అదే కాలంలో 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిలో గచ్చిబౌలి – శంషాబాద్ భాగం వచ్చింది. 2009లో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వైపు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. ఆ వెనుకే గోదాములు, హోటళ్ళు, వెంచర్లు, రెడీమిక్స్ ప్లాంట్లు వచ్చాయి. వీటన్నింటికీ కావలసిన కంకరను ఈ నేలలోని గుట్టలే ఇచ్చాయి. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సున్న గ్రానైటు క్రషర్లలో పడి 20 ఎం.ఎం. కంకరగా, రోబో ఇసుకగా మారింది.

కొత్త కట్టడం లేచే చోట పాతది కూలుతుంది. ఆ శిథిలాలను ఏం చేయాలన్న ప్రశ్నకు నగరం చాలా ఆలస్యంగా స్పందించింది. రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో 2020 నవంబరులో జీడిమెట్లలో తొలి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల శుద్ధి కేంద్రం మొదలైంది. తరువాతి కాలంలో నాగోలు సమీపాన ఫతుల్లగూడ, శామీర్‌పేట వైపు తూంకుంట, శంషాబాద్ మండలంలో సాతంరాయి ఆ జాబితాలో చేరాయి. బెంగుళూరు జాతీయ రహదారిని ఆనుకొని విమానాశ్రయానికి వెళ్ళే దారిలో ఉన్న సాతంరాయి ఈ పరిశీలనకు సరైన స్థలం. ఎందుకంటే తవ్విన గుట్ట, పూడిన చెరువు, వెలిసిన కాంక్రీటు, కూలిన కాంక్రీటు నాలుగూ ఇక్కడ కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే కనిపిస్తాయి.

పదం చేసిన పొరపాటు

రీసైక్లింగ్ అన్న మాటకు తెలుగులో ‘పునర్వినియోగం’, ‘పునశ్చక్రీకరణ’, ‘పునఃశుద్ధి’ అన్నవి ఒకదానికి బదులు మరొకటిగా వాడుకలో ఉన్నాయి. పత్రికల్లోనూ ప్రభుత్వ ప్రకటనల్లోనూ మొదటిదే ఎక్కువ. కాని పునర్వినియోగం అంటే వస్తువును దాని రూపంలోనే, దాని పనికే తిరిగి వాడుకోవడం. పాత ఇంటి టేకు ద్వారబంధం కొత్త ఇంట్లో నిలబడితే అది పునర్వినియోగం. నిన్నటిదాకా మూడంతస్తుల బరువు మోసిన దూలాన్ని బ్రేకరుతో పగలగొట్టి, క్రషరులో నలగ్గొట్టి, కాలిబాట పలకల కింద పరిస్తే దానిని అదే పేరుతో పిలవడం భాషాపరంగా అసంబద్ధం. ఆ దూలంలోని సిమెంటు ఇక సిమెంటుగా పనిచేయదు. దాని తయారీకి అయిన ఇంధనం, వెలువడిన వాయువు తిరిగి రావు. మిగిలేది రాయి మాత్రమే, అదీ పాత గచ్చు అంటుకున్న రాయి. దీనిని ‘దిగువ వినియోగం’ అనడం సమంజసం. పేరు మారితే పనికి విలువ తగ్గదు. ఏది మిగిలింది, ఏది పోయింది అన్నది మాత్రం స్పష్టమవుతుంది.

ఇక బూడిద, స్లాగ్ సంగతి వేరు. రామగుండం, కొత్తగూడెం వంటి బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద, విశాఖ ఉక్కు కర్మాగారం కొలిమి నుండి వచ్చే స్లాగ్ అంతకుముందు కాంక్రీటులో లేవు. అవి మరో పరిశ్రమ ఉపఫలాలు. అవి కంకర స్థానంలో కాక ప్రధానంగా సిమెంటులోని క్లింకరు స్థానంలో చేరుతాయి. కాబట్టి శిథిలాల కంకర, బూడిద ఒకే పేరు పంచుకున్నా చేసే పని ఒకటి కాదు.

గానుగ సున్నం నాటి లెక్క

తెలుగు నేల మీద కట్టడాలలో పాత పదార్థాన్ని కొత్తదానిలో కలపడం ఈ శతాబ్దపు ఆవిష్కరణేమీ కాదు. విరిగిన ఇటుకలను దంచిన పొడి సుర్ఖీ. దానిని సున్నంలో కలిపి గానుగ పట్టి డంగుసున్నం చేసేవారు. కాలిన మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో చర్య జరిపి నీటిలోనూ గట్టిపడే బంధకాన్ని ఇస్తాయి. నేడు బూడిద సిమెంటులో జరిగే రసాయన చర్య స్థూలంగా ఇదే.

అంతకన్న ముఖ్యమైన అంశం మరొకటుంది. సున్నపు గచ్చు ఇటుకకంటే, రాయికంటే బలహీనమైనది. గోడను విప్పితే గచ్చు రాలిపోయి ఇటుక ఇటుకగా, రాయి రాయిగా చేతికి వస్తుంది. దూలాలు, వాసాలు, షాబాద్ బండలు ఒక ఇంటి నుండి మరో ఇంటికి ప్రయాణించింది అందువల్లనే. సిమెంటు గచ్చు తరచుగా ఇటుకకంటే బలమైనది. గోడ కూల్చితే ఇటుకే ముందు పగులుతుంది. దూలం, స్తంభం, స్లాబు ఏకశిలగా పోతపోసిన చట్రంలోనైతే విప్పడం అన్న ప్రసక్తే లేదు. అంటే కాంక్రీటు యుగంలో పునర్వినియోగం నలగ్గొట్టడంగా మారడానికి జనం అలవాట్లు చెడిపోవడం కారణం కాదు, పదార్థ స్వభావమే కారణం. పూర్వుల పొదుపును కీర్తించి నేటి దుబారాను నిందించే వ్యాసాలు ఈ సంగతిని దాటవేస్తుంటాయి. నేటికీ కూల్చివేతలో విప్పి అమ్ముకోగలిగిన ఇనుము, కలప, కిటికీలు తుక్కు బజారుకు, పాత సామాను దుకాణాలకు చేరుతూనే ఉన్నాయి. విప్పలేనిదే శిథిలమై మిగులుతోంది.

కర్బన లెక్క

ఇళ్ళ నిర్మాణంలో విరివిగా వాడే ఎం25 తరగతి కాంక్రీటు ఒక ఘనమీటరుకు సుమారు 330 కిలోల సిమెంటు, 700 కిలోల ఇసుక, 1,150 కిలోల కంకర పడతాయని స్థూలంగా తీసుకోవచ్చు. బరువులో రాతి సామగ్రిదే సింహభాగం. కర్బన ఉద్గారంలో ఈ వాటా తలకిందులవుతుంది.

క్లింకరు తయారీలో సున్నపురాయిని కాలుస్తారు. ప్రతి 100 కిలోల కాల్షియం కార్బొనేటు నుండి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడి, 56 కిలోల సున్నం మిగులుతుంది. ఇది రసాయన ధర్మం. కొలిమిలో బొగ్గుకు బదులు మరే ఇంధనం వాడినా ఈ 44 కిలోలు తగ్గవు. ఇంధనం, విద్యుత్తు వల్ల వచ్చేది దీనికి అదనం. తాండూరులో కాల్చినా మేళ్ళచెరువులో కాల్చినా సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు కిలోకు సుమారు 0.85 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కకు వస్తుంది. పై ఘనమీటరులో సిమెంటు వాటా ఈ ప్రకారం 280 కిలోలు. రాతిని పేల్చి, క్రషరులో ఆడించి కంకర, ఇసుక చేయడానికి టన్నుకు 5 కిలోల చొప్పున వేసుకున్నా మొత్తం రాతి సామగ్రికి 10 కిలోలు దాటదు.

ఇప్పుడు కంకరలో 20 శాతం, అంటే 230 కిలోలు, శిథిలాల నుండి వచ్చిందని భావిస్తే మిగిలేది ఎంత? గుట్ట నుండి తీసిన కంకర ఉద్గారంలో తప్పేది సుమారు 1.15 కిలోలు. శిథిలాన్ని నలగ్గొట్టడానికీ క్రషరు తిరగాలి గనుక అసలు మిగులు అంతకన్న తక్కువ. టిప్పరు రవాణాకు టన్ను–కిలోమీటరుకు 0.1 కిలో చొప్పున వేస్తే, ఈ 230 కిలోలు మరో 30 కిలోమీటర్లు అదనంగా ప్రయాణించగానే 0.7 కిలో ఖర్చవుతుంది. పాత గచ్చు అంటుకున్న కంకర నీటిని ఎక్కువ పీలుస్తుంది. పని సులువు కావడానికి మేస్త్రీ నీరు పెంచితే బలం తగ్గుతుంది, ఆ బలాన్ని నిలబెట్టడానికి సిమెంటు పెంచాలి. ఘనమీటరుకు కేవలం ఒకటిన్నర కిలోల సిమెంటు అదనంగా పడినా కర్బన మిగులు మొత్తం హరించుకుపోతుంది. ఒక బస్తా 50 కిలోలు. అందులో ముప్పయ్యోవంతు పొరపాటు ఏ సైటులోనైనా జరిగేదే.

బూడిద లెక్క ఇందుకు పూర్తిగా భిన్నం. భారతీయ ప్రమాణం ప్రకారం బూడిద కలిపిన పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటులో బూడిద 15 నుండి 35 శాతం దాకా ఉండవచ్చు. 30 శాతం చొప్పున 330 కిలోల సిమెంటులో 99 కిలోలు బూడిదే అయితే 84 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఆ బూడిద రామగుండం నుండి 230 కిలోమీటర్ల పైచిలుకు దూరం లారీలో వచ్చినా రవాణాకు పోయేది రెండున్నర కిలోలకు మించదు. 25 నుండి 70 శాతం దాకా అనుమతి ఉన్న స్లాగ్ సిమెంటులో మిగులు ఇంకా ఎక్కువ. ఈ సంఖ్యలు స్థూలమైనవే. మిశ్రమాన్ని బట్టి, కర్మాగారాన్ని బట్టి మారతాయి. అయితే ఒకవైపు ఒక కిలో, మరోవైపు ఎనభై కిలోలు ఉన్నప్పుడు ఆ మార్పులు తీర్పును తారుమారు చేయలేవు.

నలిగిన కాంక్రీటు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత తిరిగి పీల్చుకుంటుందన్న వాదన ఉంది. అది నిజమే. ముక్క చిన్నదయ్యే కొద్దీ ఉపరితలం పెరిగి ఈ చర్య వేగం పుంజుకుంటుంది. కాని తిరిగి తీసుకునేది పాత అప్పులో ఒక భాగమే. పైగా శిథిలాన్ని కుప్పగా పోసి మట్టి కప్పితే ఆ భాగమూ దక్కదు.

బూడిద లెక్కలోనూ ఒక మెలిక లేకపోలేదు. బొగ్గు మండినప్పటి ఉద్గారమంతా విద్యుత్తు ఖాతాలోకి పోతుంది. బూడిద సిమెంటు ఖాతాలోకి కర్బన భారం లేకుండా అడుగుపెడుతుంది. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర ప్రకటన విద్యుత్ కేంద్రాలు తమ బూడిదను నూరు శాతం వినియోగింపజేయాలని నిర్దేశించింది గనుక అది సమృద్ధిగా దొరుకుతోంది. బొగ్గు తగ్గిన నాడు ఈ పొదుపూ తగ్గుతుంది. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపే కొత్త సిమెంటుకు 2023లో ఐ.ఎస్. 18189 ప్రమాణం రావడం ఈ కోణంలో గమనార్హం. సుర్ఖీ తర్కం మరో దారిన తిరిగి వచ్చినట్లయింది.

నీటి ఖాతా ఒకటి విడిగా రాయవలసి ఉంది. బూడిద సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది. క్యూరింగుకు సాధారణ సిమెంటుకైతే కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటుకు 10 రోజులు, ఎండ తీవ్రంగా ఉన్న పొడి వాతావరణంలో 14 రోజులు అని ఐ.ఎస్. 456 చెబుతుంది. శిథిలాల కంకరను కలపడానికి ముందే తడిపి ఉంచాలి. శంషాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఈ నీరు చాలాచోట్ల ట్యాంకరులోనో బోరు లోతుల్లోనో వెదకవలసిందే. పర్యావరణహిత కాంక్రీటు ప్రచార పత్రాలలో ఈ నీటికి చోటు దొరకడం అరుదు.

గుట్ట, చెరువు

కర్బన లెక్కలో శిథిలాల కంకరకు దక్కేది స్వల్పమైతే సాతంరాయి కేంద్రం దండగేనా? ఇక్కడే విమర్శ జాగ్రత్తగా సాగాలి. ఆ కంకర చేసే మేలు గాలిలో కాదు, నేల మీద ఉంది. ఒక టన్ను శిథిలం కంకరగా మారితే ఒక టన్ను గుట్ట మిగులుతుంది, ఒక టన్ను శిథిలం చెరువులో పడకుండా ఆగుతుంది. వాతావరణానికి కలిసే ప్రపంచవ్యాప్త ఉద్గారాన్ని ఎక్కడ తగ్గించినా ఒకటే. గుట్ట, చెరువు విషయంలో అలా కాదు. మరోచోట చెరువు తవ్వి ఇక్కడి చెరువు పూడికకు పరిహారం చూపలేరు. పగిలిన బండరాయిని ఏ ధనంతోనూ తిరిగి నిలబెట్టలేరు. హైదరాబాద్ శిలల రక్షణకు 1996లోనే ఒక పౌరసంఘం ఏర్పడవలసి వచ్చిందంటే కంకర ఆకలి ఎంతటిదో ఊహించవచ్చు.

అదే 1996లో హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల రక్షణకు 84 గ్రామాలను పరిధిలోకి తెస్తూ జీ.వో. 111 వచ్చింది. శంషాబాద్ మండల గ్రామాలు అనేకం అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జీ.వో. 69 ఆ ఆంక్షలను సడలించింది. సడలింపు మంచిచెడ్డలు వేరే చర్చ. ఈ వ్యాసానికి సంబంధించినంతవరకు దాని అర్థం మరింత కంకర, మరింత శిథిలం, అవి రెండూ జలాశయాల పరీవాహక ప్రాంతంలోనే.

గగన్‌పహాడ్ అప్పచెరువు ఉదంతం ఈ ప్రమాదాన్ని కళ్ళకు కట్టింది. 2020 అక్టోబరు కుండపోత వానలకు ఆ చెరువు తెగి, నీరు బెంగుళూరు రహదారి మీదికి ఉరికింది. రోడ్డు కొట్టుకుపోయింది, ప్రాణాలు పోయాయి. చెరువు ఆక్రమణల గురించి అప్పుడే ప్రశ్నలు లేచాయి. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా ఆ ఏడాది ఆగస్టులో అక్కడి కట్టడాలను కూల్చింది. చెరువు ఆక్రమణ ఎలా మొదలవుతుందో నగర శివార్లలో తెలియనివారు లేరు. మొదట రాత్రివేళ నాలుగు టిప్పర్ల శిథిలం శిఖం అంచున పడుతుంది. మరుసటి వేసవికి అది చదునవుతుంది. ఆపైన రేకుల షెడ్డు వస్తుంది. అంటే శిథిలం వట్టి వ్యర్థం కాదు, భూమిని తయారుచేసే ముడిసరుకు. అలా లేచిన కట్టడాన్ని కూల్చితే మళ్ళీ శిథిలమే పుడుతుంది. దానిని అక్కడి నుండి తరలించకపోతే కూల్చివేత ఆక్రమణదారుడికి ఒక పొర మట్టి పని ఉచితంగా చేసి పెట్టినట్లే. సాతంరాయి కేంద్రం అక్కడికి కొద్ది దూరంలోనే ఉంది. ఆ కేంద్రాన్ని కార్బన్ ఆదాతో కొలిస్తే విఫలమైనట్లు కనిపిస్తుంది. అప్పచెరువు వంటి చెరువుల నీటి విస్తీర్ణంతో కొలిస్తే దాని అవసరం అర్థమవుతుంది. ఈ రెండో కొలత ఏ పత్రంలోనూ లేదు.

ముద్రలు, ప్రమాణాలు

శంషాబాద్ విమానాశ్రయ టెర్మినల్‌కు అమెరికా హరిత భవన మండలి ‘లీడ్’ సిల్వర్ గుర్తింపు లభించింది. ఆ కాలపు లీడ్ విధానం పునశ్చక్రీకృత పదార్థాన్ని ధర ప్రాతిపదికన లెక్కిస్తుంది. వాడి పారేసిన దాని నుండి వచ్చినదానికి పూర్తి విలువ, పరిశ్రమ ఉపఫలాలకు సగం విలువ ఇస్తుంది. తుక్కు కరిగించి చేసిన ఉక్కు ఖరీదైనది గనుక పాయింట్లు సులువుగా వస్తాయి. చవకైన కంకర ఎన్ని టన్నులు మార్చినా శాతం కదలదు. గుట్టను కాపాడే పదార్థానికి ఈ తక్కెడలో బరువు లేదు. ఇదే విమానాశ్రయం పొందిన ‘కార్బన్ తటస్థత’ గుర్తింపు ప్రధానంగా నిర్వహణ ఉద్గారాలకు సంబంధించినది. రన్‌వేలోనూ టెర్మినల్‌లోనూ ఒదిగిన సిమెంటు కర్బనం దాని పరిధిలోకి రాదు. ఆ గుర్తింపు అబద్ధమని దీని అర్థం కాదు. అది ఏ ప్రశ్నకు జవాబో ఆ ప్రశ్నకే పరిమితం చేసి చదవాలి.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 383, 2016 సవరణలో, తొలిసారి శిథిలాల కంకరకు తలుపు తెరిచింది. తెరిచింది ఓరగా మాత్రమే. కాంక్రీటు శిథిలం నుండి వచ్చిన కంకరను సాదా కాంక్రీటులో 25 శాతం, ఎం25 తరగతి వరకు ఇనుప కడ్డీల కాంక్రీటులో 20 శాతం, ఎం15 కంటే తక్కువ తరగతి కాంక్రీటులో నూరు శాతం వాడవచ్చు. ఇటుక, గచ్చు, టైల్సు కలిసిన మిశ్రమ శిథిలమైతే ఆ చివరి తరగతిలో తప్ప ప్రవేశం లేదు. విమానాలు దిగే పేవ్‌మెంటు కాంక్రీటు ఎం25కు మించిన తరగతి. కాబట్టి విమానాశ్రయం ఈ కంకరను పైపొరలో కాదు, కింది పొరల్లో వెదుక్కోవాలి. డెన్వర్ నగరంలోని స్టేపుల్‌టన్ విమానాశ్రయం 1995లో మూతపడ్డాక దాని రన్‌వేల కాంక్రీటును పగలగొట్టి పెద్దయెత్తున వాడుకున్నారు. అది శుద్ధమైన, ఒకే రకమైన కాంక్రీటు. శంషాబాద్, రాజేంద్రనగర్ బస్తీల నుండి టిప్పరెక్కే శిథిలంలో ఇటుక, సిరామిక్ ముక్క, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సీలింగు కలగలిసి ఉంటాయి. ప్లాస్టర్‌లోని జిప్సం సల్ఫేటు కొత్త కాంక్రీటును లోపలి నుండి ఉబ్బించి పగులుస్తుంది. అందువల్ల ప్రమాణపు కాఠిన్యాన్ని అధికారుల చాదస్తంగా కొట్టిపారేయలేం. వేరు చేయడం క్రషరు దగ్గర కాదు, కూల్చేటప్పుడే జరగాలి. అక్కడ ఖర్చు పెట్టేవారు లేరు.

బేగంపేట విమానాశ్రయం సంగతి ఇక్కడ ప్రస్తావించదగినది. శంషాబాద్ ప్రారంభంతో 2008లో అది సాధారణ ప్రయాణికుల విమానాలకు మూతపడింది. అయినా రన్‌వే పగలలేదు. ప్రముఖుల విమానాలకు, శిక్షణకు, వింగ్స్ ఇండియా ప్రదర్శనలకు పనికి వస్తూనే ఉంది. అసలైన పునర్వినియోగం ఇదే అయినా శిథిలం పుట్టలేదు గనుక ఏ పునర్వినియోగ పట్టికలోనూ దీనికి గడి లేదు.

నియమాలు ఎవరిని చూస్తున్నాయి

2016 మార్చిలో వచ్చిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాలు రోజుకు 20 టన్నులకు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులకు మించి వ్యర్థం పుట్టించేవారిపై వేరు చేసే బాధ్యతను ప్రత్యేకంగా మోపాయి. ప్రభుత్వ కాంట్రాక్టులలో శిథిలాల ఉత్పత్తుల కొనుగోలును తప్పనిసరి చేసే చోట మాత్రం 10–20 శాతం అన్న సంఖ్యను ఉదాహరణప్రాయంగా వాడి ఊరుకున్నాయి. శాసన భాషలో ‘ఉదాహరణకు’ అన్న మాట ఎంత వెసులుబాటు ఇస్తుందో కాంట్రాక్టర్లకు వేరే చెప్పనక్కరలేదు. కొనేవాడు లేని కంకర కేంద్రం ఆవరణలో మరో గుట్టవుతుంది. 2025లో ప్రకటించిన కొత్త నియమాలు 2026 ఏప్రిల్ 1 నుండి అమలు తేదీతో ఉత్పత్తిదారుని విస్తృత బాధ్యతను ప్రవేశపెట్టాయి. అది 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మిత విస్తీర్ణం గల ప్రాజెక్టులకు వర్తిస్తుంది. విమానాశ్రయ విస్తరణ, గోదాముల సముదాయం, పెద్ద గేటెడ్ కాలనీ ఈ వలలో పడతాయి. వీటికి నిజానికి ఇంజనీర్లు, రికార్డులు, తూకపు చీటీలు ముందే ఉంటాయి.

శంషాబాద్ పాత ఊరిలో నూటయాభై గజాల పెంకుటిల్లు కూల్చి మూడంతస్తులు లేపుకునే యజమాని ఆ వలకు అందడు. అతని శిథిలం పది పన్నెండు టిప్పర్లు. కూల్చివేత కాంట్రాక్టరు ఇనుము, కలప తీసుకొని, మిగిలినదాన్ని ‘ఎక్కడో ఒకచోట’ పోసే షరతు మీద ఒక ధర చెబుతాడు. కేంద్రానికి చేర్చాలంటే మరో ధర చెబుతాడు. బెంగుళూరు రహదారి మీద సాతంరాయి వైపు సాగే టిప్పరు కేంద్రంలోకి మలుపు తిరుగుతుందా, చీకట్లో చెరువు శిఖం వైపు దిగుతుందా అన్నది ప్రస్తుతానికి ఆ రెండు ధరల మధ్య తేడాయే తేలుస్తోంది.